చెత్త మెయిళ్లు ఆపుడు ఎట్ల: పంపినోడు ఎవడో చూసినంకనే బటన్ నొక్కుండ్రి

మెయిల్ తెరిస్తే పైనుంచి కిందిదాక ఆఫర్లు, లోన్లు, మామునూరు ఎయిర్‌పోర్ట్ పక్కన ప్లాట్లు, ఎన్నడు అప్లై చెయ్యని ఉద్యోగాలు, వీటి నడుమ అసలు కావాల్సిన మెయిల్ యాడుందో దొరుకతనే లేదని మనోళ్లు చానమంది అంటరు. ఎక్కువమంది చేసేది ఏందంటే ఒక్కొక్కటి డిలీట్ కొట్టుకుంట పోవుడు. డిలీట్ కొడితే ఆ ఒక్క మెయిల్ పోతది గని పంపేటోడు పోడు, రేపు పొద్దుగాల మల్ల పంపుతడు. ఇంకొంతమంది కోపానికొచ్చి కనబడ్డ ప్రతిదాంట్ల అన్‌సబ్‌స్క్రైబ్, అంటే ఇగ నాకు పంపొద్దు అనే బటన్, నొక్కుతరు, అది ఇంకా డేంజర్, ఎందుకో కింద చెప్త.

అసలు సంగతి ఏందంటే పంపేటోళ్లు మూడు రకాలు. ఒకటి మనమే మన చేతులతోని మెయిల్ ఐడి ఇచ్చిన షాపులు, యాప్‌లు, కాలేజీలు. రెండోది మన ఐడి యాడ్నో సంపాదించుకొని అడగకుంట పంపేటోళ్లు. మూడోది పైసలు గుంజనీకి వచ్చే దొంగలు. ముగ్గురికి ముగ్గురు వేరు, ఒకనికి పనికొచ్చే మందు ఇంకొకనికి పనికిరాదు. గందుకే ముందు ఎవడు పంపిండో చూసుడు, తర్వాతనే బటన్ నొక్కుడు. మన దిక్కు ఎక్కువమందికి ఉన్నది జీమెయిలే కాబట్టి దాని మీదనే చెప్తున్న, యాహూ, అవుట్‌లుక్ వాడేటోళ్లకు బటన్ల పేర్లు జర మారుతయి గని పద్ధతి అదే.

ముందుగాల: ఆ మెయిల్ నిజంగ మీ చేతుల ఉన్నదా

ఇది ఉత్తగ అడుగుతలేను. మన హనుమకొండ, వరంగల్, పరకాల, నర్సంపేట, జనగామ, ఏ ఊరు తీస్కున్నా చానమంది మెయిల్ ఐడి వాళ్లు సొంతంగ చేస్కున్నది కాదు. ఈపాస్ స్కాలర్‌షిప్ అప్పుడో, పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షకు అప్లై చేసేటప్పుడో, పాస్‌పోర్ట్ అప్పుడో నెట్ సెంటర్‌కు పోతే ఆ సెంటర్ అన్ననే కూసొని ఐడి తెరిచి, ఆయనకు గుర్తుండే పాస్‌వర్డ్ పెట్టి, రికవరీ నంబర్, అంటే పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వచ్చే నంబర్, అడిగితే ఆయన నంబరే కొట్టి, ఒక చీటీ మీద రాసిచ్చి పంపించిండు. ఆయన మంచోడే కావచ్చు, మన పని అయ్యేటట్టు చేసిండు. కాని ఆ సెంటర్ల ఇయ్యాల ఎవరు పనిచేస్తున్నరో, ఆ కంప్యూటర్ల మీ అకౌంట్ ఇంకా తెరిచే ఉన్నదో మీకు తెల్వదు. గట్ల ఉన్నప్పుడు చెత్త మెయిళ్లు ఆపుతమని కూసునుడు తలుపు బార్లా తెరిచిపెట్టి ఇల్లు ఊడ్చుడే.

ఫోన్ల సెట్టింగ్స్ తెరువుండ్రి, దాంట్ల గూగుల్ అని ఉంటది, అది నొక్కి మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్‌లకు పోయి సెక్యూరిటీ పేజీ తెరువుండ్రి. రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ అనేటివి చూడుండ్రి. మీ నంబర్ కాకుంటే తీసేసి మీది పెట్టుండ్రి, రికవరీ ఈమెయిల్ కింద ఇంట్లోళ్లది నమ్మకమైన ఐడి ఇయ్యుండ్రి. ఒకటి యాదిల పెట్టుకోండ్రి, నంబర్ మార్చినంక కూడ ఒక 7 రోజులదాక పాత నంబర్‌కు కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచుతది, గందుకే ఆ వారం జర చూస్కుంట ఉండాలె. తర్వాత పాస్‌వర్డ్ మార్చుండ్రి, యువర్ డివైసెస్ అని ఉన్నకాడ మీకు తెల్వని కంప్యూటర్, పాత ఫోన్ ఏదన్న ఉంటే సైన్ అవుట్ కొట్టుండ్రి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చెయ్యిండ్రి, అంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఇంకో కోడో ఫోన్ల ఒప్పుకునుడో గూడ కావాలె. అది ఆన్ చేసినంక బ్యాకప్ కోడ్స్ అని 10 కోడ్‌లు ఇస్తది, అవి కాయితం మీద రాసి బీరువాల సర్టిఫికెట్లతోని పెట్టుండ్రి, ఫోన్ పోయిన దినం అవే మిమ్ముల బయటేస్తయి.

ఇంకోటి, ఇది కంప్యూటర్ మీదనే చూడాలె. జీమెయిల్ తెరిచి గేర్ బొమ్మ నొక్కి సీ ఆల్ సెట్టింగ్స్‌లకు పోతే ఫార్వర్డింగ్ అని ఒక ట్యాబ్, ఫిల్టర్స్ అని ఒక ట్యాబ్ ఉంటయి. ఎవడన్న ఒక్కపారి మీ అకౌంట్ల జొచ్చినోడు మీకొచ్చే మెయిళ్లన్ని వానికి కాపీ పోయేటట్టు ఆడ పెట్టి పోతడు, పాస్‌వర్డ్ మార్చినా ఆ ఏర్పాటు అట్లనే ఉంటది. మీకు తెల్వని అడ్రస్ ఉంటే వెంటనే తీసేయుండ్రి.

మనమే ఐడి ఇచ్చినోళ్లు

బట్టల షాపుల బిల్లు కొట్టేకాడ అడిగిండ్రు చెప్పినం, ఎగ్జిబిషన్ల లక్కీ డ్రా కూపన్ మీద రాసినం, పోరని ఎప్‌సెట్ ర్యాంక్ అప్పుడు నాలుగు కన్సల్టెన్సీలకు ఇచ్చినం, టికెట్ బుక్ చేసే యాప్‌ల కొట్టినం. వీళ్లు దొంగలు కాదు, విసిగిస్తరు గంతే. వీళ్లకు అన్‌సబ్‌స్క్రైబ్ పనిచేస్తది.

ఫోన్ల జీమెయిల్ తెరిచి పక్కకున్న మూడు గీతలు నొక్కితే మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంటది, ఇది 2025ల వచ్చిన ఆప్షన్, మీకు కనబడకుంటే యాప్ అప్‌డేట్ చెయ్యిండ్రి. దాంట్ల మిమ్ముల ఎక్కువ సతాయిస్తున్నోళ్లు పైన ఉంటరు, ఎవరు ఈమధ్య ఎన్ని పంపిండ్రో కూడ చూపిస్తది. పేరు తెలిసిన షాపు, పేరు తెలిసిన యాప్, వీటి పక్కన బటన్ నొక్కుకుంట పోండ్రి. రాఖీ, దసరా, దీపావళి ముంగట ఈ పని చేస్కుంటే చాన ప్రశాంతంగ ఉంటది, ఎందుకంటే ఆఫర్ల వాన పడేదే అప్పుడు. 2024 నుంచి గూగుల్, యాహూ ఒక రూల్ పెట్టినయి, పెద్ద ఎత్తున ప్రచారం మెయిళ్లు పంపేటోళ్లు, గూగుల్ లెక్కల అయితే దినానికి జీమెయిల్ ఐడీలకు 5,000 దాటి పంపేటోళ్లు, ఒక్క నొక్కుడుతోని ఆపుకునే బటన్ ఇయ్యాలె, రెండు రోజులల్ల పంపుడు బంద్ చెయ్యాలె. గందుకే ఇప్పుడు ఈ బటన్ ఇదివరకంటే మంచిగ పనిచేస్తున్నది. నొక్కినంక ఒక వారం ఆగుండ్రి. అప్పటికి గూడ ఆగకుంటే వాడు మాట వినేటోడు కాదని అర్థం, వాన్ని రెండో రకంల కలిపేసి స్పామ్, అంటే అడగకుంట వచ్చే చెత్త మెయిల్, అని కొట్టుండ్రి.

బ్యాంక్ మెయిళ్లకు మాత్రం ఎగబడి అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టకుండ్రి. బ్యాంక్ పంపే ఆఫర్ మెయిల్ వేరు, ఖాతాల పైసలు కట్ అయినయని వచ్చే అలర్ట్ వేరు. ఆ అలర్ట్ మీకు చాన అవసరం. ఆఫర్లు మాత్రమే వద్దంటే బ్యాంక్ యాప్ల సెట్టింగ్స్‌లకు పోయి మార్చుకోండ్రి.

తెల్వనోళ్లు, అడగకుంట పంపేటోళ్లు

1978 మే 3న అమెరికాల డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీల పనిచేసే గ్యారీ థ్యూర్క్ అనే ఆయన ఒక్కపారే సుమారు 400 మందికి అడగకుంట ప్రచారం పంపిండు, దాన్నే మొట్టమొదటి స్పామ్ మెయిల్ అంటరు. అప్పటిసంది ఇప్పటిదాక ఈ దందా నడిచేది ఒక్కటే లెక్క మీద, పంపేటోనికి ఖర్చు దాదాపు ఏం లేదు. లక్ష మందికి పంపితే ఒక్కడు దొరికినా వానికి లాభమే. గందుకే వానికి కావాల్సింది ఏందంటే ఏ ఐడి బతికున్నదో తెలుసుడు. మీరు తిట్టుకుంట రిప్లై ఇచ్చినా, అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కినా, ఆ లింక్ తెరిచినా, ఈ ఐడి వెనక ఒక మనిషి ఉన్నడు, మెయిల్ చదువుతున్నడు అని వానికి తెలిసిపోతది. బతికున్న ఐడీలకు ధర ఎక్కువ, వాడు ఇంకొకనికి అమ్ముతడు, మీకు మెయిళ్లు తగ్గుడు కాదు పెరుగుతయి.

వీళ్లకు చెయ్యాల్సింది రిపోర్ట్ స్పామ్. మెయిల్ తెరిచినంక పైన కుడిదిక్కు మూడు చుక్కలు నొక్కితే ఉంటది. ఒక్కోపారి అది నొక్కంగనే రిపోర్ట్ స్పామ్ అండ్ అన్‌సబ్‌స్క్రైబ్ అని, ఉత్త రిపోర్ట్ స్పామ్ అని రెండు అడుగుతది, తెల్వనోనికి రెండోదే నొక్కుండ్రి. మనం ఒక్కరం నొక్కితే ఏమైతది అనుకోకుండ్రి. గూగుల్ పెద్ద సెండర్లకు పెట్టిన హద్దు 0.3 శాతం, అంటే వానివి ఇన్‌బాక్స్‌ల పడ్డ వెయ్యి మెయిళ్లకు మూడింటిని జనం స్పామ్ అని కొడితే చాలు, వాని మెయిళ్లు అందరి దగ్గర ఇన్‌బాక్స్‌లకు పోవుడు కష్టమైతది. మీరు నొక్కేది మీ ఒక్కరికే కాదు, మీ వాడకట్టోళ్లకు గూడ పనికొస్తది.

బ్లాక్ గురించి ఒక మాట. బ్లాక్ కొడితే ఆ ఒక్క అడ్రస్ నుంచి వచ్చేటివి స్పామ్‌లకు పోతయి. ఒకే అడ్రస్ నుంచి పదే పదే పంపే రియల్ ఎస్టేట్ ఏజెంట్‌కో, పాత కోచింగ్ సెంటర్‌కో అది మంచిగ పనిచేస్తది. కాని అసలు స్పామ్ పంపేటోడు దినానికో అడ్రస్ మారుస్తడు, వాన్ని బ్లాక్ కొట్టుకుంట కూసుంటే మీ టైం పోతది తప్ప ఫాయిదా లేదు. గసోంటోనికి ఫిల్టర్ పెట్టాలె, అడ్రస్ మారినా వాడు రాసే మాటలు అవే ఉంటయి కాబట్టి. కంప్యూటర్ మీద జీమెయిల్ తెరిచి సెర్చ్ డబ్బ చివర్ల ఉన్న గీతల బొమ్మ నొక్కుండ్రి, సబ్జెక్ట్ దగ్గర ఆ పదే పదే వచ్చే మాట కొట్టి క్రియేట్ ఫిల్టర్ నొక్కి డిలీట్ ఇట్ టిక్ పెట్టుండ్రి. లోన్ లాంటి ఒక్క మాట పెట్టకుండ్రి, మీ సొంత బ్యాంక్ లోన్ మెయిల్ గూడ పోతది, రెండు మూడు మాటలు కలిపి పెట్టుండ్రి. ముందు ఒక వారం డిలీట్ బదులు స్కిప్ ది ఇన్‌బాక్స్ పెట్టి చూసుడు ఇంకా మంచిది, ఏమేం పోతున్నయో తెలుస్తది.

ఇంకో చిన్న సెట్టింగ్ ఉన్నది. మెయిల్ల బొమ్మలు లోడ్ అయినప్పుడు పంపినోనికి వీళ్లు తెరిచిండ్రు అని తెలిసే ఏర్పాటు చాన ప్రచారం మెయిళ్లల్ల ఉంటది, కంటికి కనబడని చిన్న బొమ్మ పెడతరు. జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌ల మీ అకౌంట్ మీద నొక్కి ఇమేజెస్ దగ్గర ఆస్క్ బిఫోర్ అని పెట్టుండ్రి. ఇగ మీరు ఒప్పుకుంటెనే బొమ్మలు వస్తయి.

దొంగలు

ఇక్కడ నిదానంగ చదువుండ్రి, ఎందుకంటే పై రెండిట్ల పొయ్యేది టైం, ఇక్కడ పొయ్యేది కష్టపడి కూడబెట్టుకున్న పైసలు.

వీళ్ల మెయిల్ల ఎప్పుడైనా రెండు ఉంటయి, ఒకటి తొందర, ఇంకోటి లింకో ఫైలో. ఈ రాత్రికి కేవైసీ చెయ్యకుంటే ఖాతా బంద్, ఇన్‌కమ్‌ట్యాక్స్ రీఫండ్ వచ్చింది ఇక్కడ నొక్కుండ్రి, కరెంట్ బిల్లు కట్టలేదు రాత్రి తొమ్మిదింటికి లైన్ కట్ చేస్తం. మన కరెంట్ చూసే ఎన్‌పీడీసీఎల్ ఆఫీసు హనుమకొండల్నే ఉన్నది, అనుమానం ఉంటే మీ బిల్లు మీద ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి అడుగుండ్రి, మెయిల్ల ఇచ్చిన నంబర్‌కు చెయ్యకుండ్రి. ఇన్‌కమ్‌ట్యాక్స్ రీఫండ్ అయితే మీరు పోర్టల్ల ముందుగాల వ్యాలిడేట్ చేసిన ఖాతాల నేరుగ పడతది, ఏ లింకూ నొక్కేది ఉండదు. ఆ పేరుతోని దొంగ మెయిల్ వస్తే వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌కు పంపమని ఆ శాఖనే చెప్తది.

అడ్రస్ చదువుడు నేర్చుకోండ్రి, ఇదొక్కటి వస్తే సగం దొంగలు మీ దగ్గర ఓడిపోతరు. పంపినోని పేరు చూడకుండ్రి, పేరు ఎవడేదైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కితే కింద అసలు అడ్రస్ కనబడతది. దాన్ని, లింక్‌ను గూడ, ఎడమనుంచి కాదు చివరినుంచి చదవాలె. లింక్ల అయితే మొదటి ఒంటి వాలు గీత (/) వచ్చేదాకనే పేరు, దానికి ఆనుకొని ఎడమకున్న ముక్కలే అసలు యజమాని. రిజర్వ్ బ్యాంక్ ఆర్డర్ ప్రకారం మన దేశంల బ్యాంకులు 2025 అక్టోబర్ 31 వరకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ మీదికి మారాల్సి ఉండె. ఎస్‌బీఐ సైట్ ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. ఆ చివరి ముక్క బ్యాంకులకు తప్ప ఎవనికి ఇయ్యరు. దొంగ ఏం చేస్తడంటే ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముందు రాసి దాని తర్వాత ఇంకో చుక్క పెట్టి కేవైసీ అప్‌డేట్ డాట్ కామ్ అని కలుపుతడు. ముందు భాగం చూసి మోసపోతం, చివర చూస్తే దొరికిపోతడు. జీవోవీ డాట్ ఇన్ అనేది గూడ గంతే, సర్కారోళ్లకే ఇస్తరు, అది చివర్ల ఉన్నదా మధ్యల ఉన్నదా చూడుండ్రి. ఇంత చూసే ఓపిక లేకుంటే ఒక్కటే పని చెయ్యిండ్రి, మెయిల్ల లింక్ నుంచి బ్యాంక్‌కు ఎన్నడూ పోకుండ్రి, బ్యాంక్ యాప్ మీరే తెరిచి చూస్కోండ్రి.

ఉద్యోగాల పేరుతోని వచ్చేటియి వేరే కథ. కాకతీయ యూనివర్సిటీల, కిట్స్ ఇంజనీరింగ్ కాలేజీల, ఇంకా చుట్టుపక్కల కాలేజీలల్ల చదువు అయిపోయిన పిల్లలకు, మడికొండ ఐటీ పార్క్‌లనో హైదరాబాద్‌లనో ఆఫర్ అని, పెద్ద కంపెనీ లోగో పెట్టి, సంతకం పెట్టి, చూస్తే నిజమే అనిపించే లెటర్ వస్తది. కింద లాప్‌టాప్ డిపాజిట్ అనో ట్రైనింగ్ ఫీజు అనో ఇంత కట్టుండ్రి, జాయిన్ అయినంక వాపస్ ఇస్తం అని ఉంటది. తల్లిదండ్రులు పోరనికి జాబ్ వచ్చిందన్న సంతోషంల అప్పు చేసి కడతరు, దీనికి నా కడుపు మండుతది. ఉద్యోగం ఇచ్చేటోడు మీకు పైసలు ఇస్తడు, మీ దగ్గర తీసుకోడు. అడిగిండంటే అక్కడికే ఆగుండ్రి. కంపెనీ అసలు సైట్ల కెరీర్స్ పేజీ తెరిచి ఆ జాబ్ ఉన్నదా చూడుండ్రి, మామూలు జీమెయిల్ అడ్రస్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చిందంటే అసలే నమ్మకుండ్రి.

వ్యాపారం చేసేటోళ్లకు ఇంకో తీరు వస్తది. వరంగల్ కొత్తవాడల డర్రీలు (జంపఖానాలు) నేసి అమ్మేటోళ్లనే అనుకోండ్రి, వరంగల్ డర్రీలకు 2018ల జీఐ, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే గుర్తింపు వచ్చినంక ఆన్‌లైన్ల ఐడి పెట్టి ఆర్డర్లు చూసుడు మామూలే. విదేశం నుంచి పెద్ద ఆర్డర్ అని, పర్చేజ్ ఆర్డర్ జతచేసినం అని ఒక ఫైల్ వస్తది. అది నొక్కితే మీ మెయిల్ పాస్‌వర్డ్ అడిగే పేజీ తెరుచుకుంటది. ఏ ఫైల్ తెరవనీకైనా మల్ల మీ మెయిల్ పాస్‌వర్డ్ అడిగిందంటే అది దొంగదే. ఫైల్ పేరు చివర్ల జిప్, హెచ్‌టీఎంఎల్, ఈఎక్స్ఈ, ఏపీకే అని ఉంటే ముట్టుకోకుండ్రి. ఇంకోటి, మీరు ఎన్నాళ్లసంది నూలు కొనే వ్యాపారి నుంచి మా బ్యాంక్ ఖాతా మారింది ఇగ దీంట్ల ఎయ్యిండ్రి అని మెయిల్ వస్తే, మీ దగ్గర ముందునుంచి ఉన్న ఆయన నంబర్‌కు ఫోన్ చేసి, ఆయన గొంతు విని, అప్పుడు ఎయ్యిండ్రి. ఆయన మెయిల్నే ఎవడో గుంజుకొని మీకు రాసి ఉండొచ్చు.

ఇగ అన్నిటికంటే మనుషులను భయపెట్టే మెయిల్ ఏందంటే, నీ కంప్యూటర్ హ్యాక్ చేసిన, కెమెరాల నీ వీడియో తీసిన, బిట్‌కాయిన్ పంపకుంటే నీ వాళ్లందరికి పంపుత, ఇగో నీ పాస్‌వర్డ్ అని నిజంగనే మీ పాత పాస్‌వర్డ్ రాస్తడు. ఇంకా భయం ఏందంటే మెయిల్ మీ సొంత అడ్రస్ నుంచే వచ్చినట్టు కనబడతది. ఆగమాగం కాకుండ్రి. మెయిల్ పంపే ఎస్ఎంటీపీ పద్ధతి 1982ల తయారైంది, దాంట్ల ఫ్రమ్ అనేకాడ పంపేటోడు ఏ అడ్రస్ రాస్కున్నా ఆపే ఏర్పాటు లేకుండె, తర్వాత వచ్చిన చెకింగులు చానమట్టుకు పట్టుకుంటయి గని అన్ని పట్టుకోవు. పాస్‌వర్డ్ సంగతి ఏందంటే, ఎప్పుడో మీరు రిజిస్టర్ అయిన ఏదో సైట్ డేటా లీక్ అయి ఉంటది, ఆ లిస్ట్ కొనుక్కొని లక్షల మందికి ఒకే మెయిల్ కొట్టిండు. 2013 నుంచి ఆస్ట్రేలియా ఆయన ట్రాయ్ హంట్ నడిపే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్ల మీ మెయిల్ ఐడి కొడితే ఏ ఏ లీక్‌లల్ల మీది ఉన్నదో చూపిస్తది, ఉచితమే. ఆ పాస్‌వర్డ్ ఇంకా యాడనన్న వాడుతుంటే వెంటనే మార్చుండ్రి. పైసలు పంపకుండ్రి, రిప్లై ఇయ్యకుండ్రి. ఇంట్ల ఆడపిల్లలకో పోరలకో ఇసోంటిది వస్తే వాళ్లు ఎవరికి చెప్పుకోలేక లోపల్నే కుమిలిపోతరు, గందుకే ఇది ముందే ఇంట్ల అందరికి చెప్పి పెట్టుండ్రి, వస్తే మాకు చూపియ్యి ఏం అనం అని.

దొంగ మెయిల్‌కు నొక్కాల్సింది రిపోర్ట్ ఫిషింగ్, కంప్యూటర్ మీద మూడు చుక్కలల్ల ఉంటది. ఆడనే షో ఒరిజినల్ అని గూడ ఉన్నది. అది తెరిస్తే పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పేర్లు, వాటి పక్కన పాస్ అనో ఫెయిల్ అనో ఉంటది. ఆ అడ్రస్ పేరు మీద పంపనీకి ఈ సర్వర్‌కు అనుమతి ఉన్నదా అని మొదటిది, నడుమ ఎవడన్న మార్చకుంట సంతకం సక్కగున్నదా అని రెండోది, ఇవి మనకు కనబడే ఫ్రమ్ అడ్రస్‌తోని కలుస్తున్నయా అని మూడోది చూస్తది. బ్యాంక్ పేరుతోని వచ్చి ఫెయిల్ ఉంటే అనుమానించాల్సిందే, చానమట్టుకు దొంగదే అనుకోండ్రి. కాని పాస్ ఉన్నదని నమ్మకుండ్రి, దొంగ సొంతంగ ఒక పేరు కొనుక్కొని పంపితే వానికి గూడ పాసే వస్తది. పాస్ అంటే అడ్రస్ నిజం అని, మనిషి నిజాయితీపరుడు అని కాదు.

పైసలు పోతే

ఒక్క నిమిషం గూడ ఆగకుండ్రి. 1930కి ఫోన్ చెయ్యిండ్రి, లేకుంటే సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ల కంప్లైంట్ పెట్టుండ్రి, ఆ వెంటనే బ్యాంక్‌కు చెప్పుండ్రి. ఎంత తొందరగ చెప్తే పైసలు ఇంకో ఖాతాకు పోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంక్‌దీ కాక మీదీ కాక నడుమ ఎవనిదో అయితే, మూడు పని దినాలల్ల చెప్తే మీ మీద ఏం పడదు. మీరే ఓటీపీయో పాస్‌వర్డో ఇచ్చిండ్రనుకోండ్రి, బ్యాంక్‌కు చెప్పేదాక పోయింది మీ మీదనే, చెప్పినంక పోయేది బ్యాంక్ మీద. అంటే సిగ్గుపడి రెండు రోజులు దాచిపెడితే ఆ రెండు రోజుల నష్టం మీదే.

ఆ మెయిల్‌ను డిలీట్ కొట్టకుండ్రి, అదే మీ సాక్ష్యం. ఎవరికన్న ఫార్వర్డ్ చేస్తే అది యాడ్నుంచి వచ్చిందన్న అసలు వివరాలు పోతయి, గందుకే షో ఒరిజినల్ తెరిచి డౌన్‌లోడ్ ఒరిజినల్ కొట్టి ఫైల్ దాచుకోండ్రి. యూటీఆర్ నంబర్ (పైసలు పోయిన లావాదేవీకి బ్యాంక్ ఇచ్చే నంబర్), స్క్రీన్‌షాట్లు, తారీఖు, టైం ఒకకాడ రాస్కొని మన వరంగల్ కమిషనరేట్ కింద మీ దగ్గరి ఠాణాకు పోండ్రి.

చట్టం సంగతి గూడ తెలిసి ఉండాలె, ఉత్త ఆఫర్ మెయిళ్లకు పోలీసుల దగ్గరికి పోతే పని కాదు. ఐటీ చట్టంల విసిగించే మెయిళ్ల గురించి ఉన్న 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, మాట్లాడే స్వేచ్ఛకు అడ్డమని. కంప్యూటర్ వాడి ఇంకొకరి లెక్క నటించి మోసం చేస్తే 66డి ఉన్నది, మూడేండ్లదాక జైలు, లక్షదాక జుర్మానా. కంపెనీలు మన ఐడి మన మాట లేకుంట వాడుకునుడు మీద 2023ల డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌ల రూల్స్ వచ్చినయి, కంపెనీల మీద పడే అసలు బాధ్యతలు 2027ల అమలుకొస్తయి. ఒప్పుకునుడు ఎంత సులువో వద్దనుడు గూడ అంతే సులువు ఉండాలె అని దాంట్ల ఉన్నది. ఇంకో సంగతి, 1909 డీఎన్‌డీ, అంటే ప్రచారం కాల్స్ వద్దని చెప్పుకునేది, ఫోన్లకు, ఎస్ఎంఎస్‌లకే, మెయిళ్లకు కాదు.

స్పామ్ డబ్బ, పాత కుప్ప

వారానికి ఒక్కపారి స్పామ్ ఫోల్డర్ చూడుండ్రి. ఇంటర్వ్యూ పిలుపు, హాల్ టికెట్, కాలేజీ నుంచి వచ్చే మెయిల్ అందుల పడొచ్చు. 30 రోజులు దాటితే అందుల ఉన్నది దానంతటదే పోతది, మల్ల రాదు. మంచిది కనబడితే నాట్ స్పామ్ కొట్టుండ్రి, లింకులు మాత్రం అందుల నుంచి నొక్కకుండ్రి.

పాతయి వేలకు వేలు కుప్పబడి ఉంటే ఫోన్ల ఒక్కొక్కటి తీసుడు పనికిరాదు, కంప్యూటర్ మీద కూసోండ్రి. ప్రమోషన్స్ ట్యాబ్ తెరిచి పైన డబ్బల టిక్ పెడితే ఆ పేజీల ఉన్నయి సెలెక్ట్ అయితయి, అప్పుడు పైన సెలెక్ట్ ఆల్ అని ఇంకో లైన్ వస్తది, అది నొక్కితే మొత్తం సెలెక్ట్ అయితయి, ఇగ డిలీట్. కాకుంటే ముందు ఒక్కపారి సెర్చ్‌ల టికెట్, బిల్, వారంటీ అని కొట్టి కావాల్సినయి వేరే లేబుల్‌లకు జరుపుకోండ్రి. ఫుల్ అయింది అని మెసేజ్ వస్తుంటే ఆ 15 జీబీ మెయిల్‌కు ఒక్కదానికే కాదు, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి. ప్రచారం మెయిళ్లు వేలల్ల ఉన్నా జాగ తక్కువే పడతయి, జాగ తినేది పెద్ద ఫైళ్లు, వీడియోలు. నిండిందంటే కొత్త మెయిళ్లు రావు, పంపినోనికి వాపస్ పోతయి, ఉద్యోగాల కోసం ఎదురుచూసేటోళ్లు ఇది అసలు అశ్రద్ధ చెయ్యొద్దు.

ఇగ కొత్తగ ఐడి ఇచ్చుడు తగ్గించుండ్రి

రెండు ఐడీలు పెట్టుకోండ్రి. ఒకటి బ్యాంక్, పీఎఫ్, పాన్, పిల్లల చదువు, సర్కార్ పనులకు, ఇది ఎవరికి చెప్పేది లేదు. ఇంకోటి షాపులు, యాప్‌లు, లక్కీ డ్రాలకు. బిల్లు కౌంటర్ల మెయిల్ ఐడి అడిగితే లేదు అనుండ్రి, బిల్లు కొట్టనీకి అది అక్కర లేదు. ఎవడు మీ ఐడి అమ్ముకున్నడో తెలుసుకోవాలంటే జీమెయిల్ల ఒక ఉపాయం ఉన్నది, మీ ఐడిల ఎట్ గుర్తుకు ముందు ప్లస్ పెట్టి ఆ షాపు పేరు రాసి ఇయ్యుండ్రి, మెయిల్ మీకే వస్తది, రేపు ఇంకెవడో ఆ ప్లస్ ఐడికి పంపిండంటే యాడ్నుంచి పోయిందో దొరికినట్టే. కొన్ని సైట్లు ప్లస్ తీస్కోవు, ఆడ రెండో ఐడి వాడుండ్రి.

ఇవన్ని చేసినా ఆగకుంటే, ఐడి మరీ ఆగమైపోయి ఉంటే, కొత్తది చేస్కునుడే నయం. ముందు బ్యాంక్, తర్వాత పాన్, పీఎఫ్, డీమ్యాట్, తర్వాత ఆధార్ సెంటర్‌కు పోయి ఆధార్ల మార్చుకోండ్రి. పాతదాన్ని వెంటనే బంద్ చెయ్యకుండ్రి, ఒక ఏడాది ఉంచి, పాతదాంట్ల పడే అవసరమైన ప్రతి మెయిల్ చూసి వాళ్లకు కొత్త ఐడి ఇచ్చుకుంట పోండ్రి. ఆ నడుమ అప్పుడప్పుడు లాగిన్ అయితుండ్రి, రెండేండ్లు ముట్టని అకౌంట్‌ను తీసేసే హక్కు గూగుల్ తన దగ్గర పెట్టుకున్నది.